బర్క్‌లీ చూసొచ్చి తెట్టులో స్థలం వెతికాడు

అమెరికాలో ఎమ్మెస్‌కి దరఖాస్తు పెట్టేవాళ్లు ముందుగా చేసే పని ఒకటుంది. ఫలానా యూనివర్సిటీలో చదివిన గొప్పవాళ్లెవరా అని నెట్‌లో వెతకడం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ అని కొట్టి చూడండి. నోబెల్ గ్రహీతలు, కంపెనీలు పెట్టినవాళ్లు, ఒలింపిక్ విజేతలు... ఆ జాబితా ఎంతకీ తెగదు. మదనపల్లెలో పుట్టిన ఒక మనిషి పేరు మాత్రం అందులో కనిపించదు. కనిపించాల్సిన పనీ లేదు. అతను అక్కడ చేరలేదు, ఫీజు కట్టలేదు, డిగ్రీ తీసుకోలేదు. ఆ మాటకొస్తే ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. 1922 వేసవిలో ఆ క్యాంపస్‌ని కాసేపు తిరిగి చూశాడు, అంతే. ఆ కాసేపటి ఫలితం మదనపల్లెకు పదిహేను, పదహారు కిలోమీటర్ల దూరంలో, తెట్టు ఊరి దగ్గర ఇవాళ్టికీ నిలబడి ఉంది.

అతని పేరు జిడ్డు కృష్ణమూర్తి. ఆ నిలబడి ఉన్నది రిషి వ్యాలీ. తత్వవేత్తగా ఆయన మీద పుస్తకాలకు కొదవ లేదు. ఈ పేజీ చదివేవాళ్లకు ఆయన తత్వం కన్నా ఆయన చదువు సంగతే దగ్గరగా ఉంటుందనిపించింది. అందుకే దాని వెంటే వెళ్దాం.

గడియారం విప్పిన పిల్లాడు

1895 మే నెలలో మదనపల్లెలో పుట్టాడు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడింది. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. తండ్రి నారాయణయ్య మద్రాసు యూనివర్సిటీ పట్టభద్రుడు, రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రికి బదిలీ అయినప్పుడల్లా సంసారం ఊళ్లు మారేది. కడపలో ఉండగా చిన్నారి కృష్ణకు మలేరియా పట్టుకుంది. ఏళ్ల తరబడి తిరగబెడుతూనే ఉండేది. ఒకసారి ఏడాది పొడుగునా బడి మానేయాల్సి వచ్చింది.

బడికి వెళ్లినా పెద్ద తేడా ఉండేది కాదు. పాఠం తలకెక్కేది కాదు. పలక పట్టుకుని ఎటో చూస్తూ కూర్చునేవాడు. అయ్యవార్లు మందమతి అని తేల్చేశారు. మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు నిత్యానంద మాత్రం చురుకు. చెప్పింది చెప్పినట్టు పట్టేసేవాడు. ఇంట్లో ఇలాంటి అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉంటే, వెనకబడ్డవాళ్లకు రోజూ ఎలా గడుస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

అయితే ఒక సంగతి తండ్రి గమనించాడు. ఓ రోజు ఈ మందమతి ఇంట్లోని గడియారాన్ని పూర్తిగా విప్పేశాడు. మళ్లీ బిగించేదాకా అన్నానికి లేవనన్నాడు, బడికి కదలనన్నాడు. బిగించాడు కూడా. యంత్రాల మీద ఈ ఇష్టం పెద్దయ్యాక మోటారు కార్ల మీదికి మళ్లి, జీవితాంతం పోలేదు.

1905లో తల్లి పోయింది. కృష్ణకు పదేళ్లు. రెండేళ్లకు తండ్రి ఉద్యోగ విరమణ చేశాడు. నెలకు 112 రూపాయల పింఛను, పెంచాల్సిన మగపిల్లలు నలుగురు. దివ్యజ్ఞాన సమాజంలో చాలాకాలంగా సభ్యుడు కావడంతో, పని అడగగా అడగగా మద్రాసు అడయారులో ఓ చిన్న కొలువు దొరికింది. 1909 జనవరిలో సంసారం అక్కడికి మారింది. పిల్లలు మైలాపూరు బడికి నడిచి వెళ్లి వచ్చేవాళ్లు. అక్కడా అదే కథ. పాఠం అప్పజెప్పలేదని దెబ్బలు.

ఆ ఏడే అడయారు సముద్రపు ఒడ్డున సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంటపడ్డాడు. ఈ పిల్లవాడు లోకానికి రాబోయే జగద్గురువుకు వాహనమని ఆయన ప్రకటించాడు. ఇద్దరన్నదమ్ములకూ హోంవర్క్ చేయించే ఎర్నెస్ట్ ఉడ్ అది విని విస్తుపోయాడు. ఆయన దృష్టిలో ఇంతకన్నా మొద్దు పిల్లాడు లేడు! అయినా పెద్దావిడ అనీ బిసెంట్ పిల్లలిద్దరినీ తన సంరక్షణలోకి తీసుకుంది. బడి మాన్పించి ఇంట్లోనే పంతుళ్లను పెట్టారు. ముందు ఇంగ్లీషు రావాలి, ఇంగ్లీషులోనే మాట్లాడాలి అన్నారు. తెలుగు అక్కడి నుంచే జారిపోవడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకు పూర్తిగా పోయింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

లెక్కలు దాటలేదు

అన్నదమ్ముల్ని 1911లో మొదటిసారి ఇంగ్లండ్ తీసుకెళ్లారు. తర్వాత చదువు కోసం అక్కడే ఉంచేశారు. ఈలోగా తండ్రి నారాయణయ్య తన పిల్లల్ని తనకు ఇప్పించమని మద్రాసులో కోర్టుకెక్కాడు. హైకోర్టులో గెలిచాడు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పు కొట్టేసింది. పిల్లలు అనీ బిసెంట్ దగ్గరే ఉండిపోయారు.

బిసెంట్ ఆశ పెద్దది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివించాలి. కాలేజీల్లో పేర్లు ముందే నమోదు చేయించారు. కానీ కోర్టు కేసు, పేపర్లకెక్కిన జగద్గురువు ప్రచారం చూశాక కాలేజీలు వద్దన్నాయి. కేంబ్రిడ్జిలోనూ కుదరలేదు. ఇక మిగిలింది లండన్ యూనివర్సిటీ. దానికి మెట్రిక్యులేషన్ పాసవ్వాలి. ట్యూటర్లను పెట్టి నెలల తరబడి చదివించారు. నిత్య మంచి మార్కులతో గట్టెక్కాడు. కృష్ణమూర్తి తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. లెక్కలే అడ్డం. మూడోసారి వెళ్లి తెల్ల కాగితం ఇచ్చి వచ్చాడంటారు.

ఒక్క నిమిషం ఆగి అతని పరిస్థితి చూడండి. దేశదేశాల్లో వేలమంది ఇతని మీద ఆశ పెట్టుకుని ఉన్నారు. ఇతని పేరు మీద తూర్పు తారా సంఘం అని ఒక అంతర్జాతీయ సంస్థే నడుస్తోంది, అధ్యక్షుడు ఇతనే. అలాంటివాడు ఇరవై నాలుగేళ్ల వయసులో మెట్రిక్‌లో మూడుసార్లు తప్పి కూర్చున్నాడు. ఎంసెట్లో ర్యాంకు రాలేదని చుట్టాల పెళ్లికి వెళ్లడం మానేసే పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది లేరు? ఇతనిది అంతకు వెయ్యి రెట్లు. చివరికి చదువు ప్రయత్నం వదిలేసి, ఫ్రెంచి నేర్చుకుంటానని పారిస్ వెళ్లిపోయాడు.

నిత్య న్యాయశాస్త్రం చదువుతున్నాడు. 1921లో దగ్గులో రక్తం పడింది. క్షయ. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, ఎండ, విశ్రాంతి తప్ప డాక్టర్లు చెప్పగలిగింది ఏమీ ఉండేది కాదు. (మదనపల్లెకు ఆనుకుని ఉన్న ఆరోగ్యవరం శానిటోరియం కూడా ఆ గాలి కోసమే అక్కడ వెలిసింది. ఆ మదనపల్లె పిల్లాడు మాత్రం గాలి కోసం ప్రపంచమంతా తిరగాల్సి వచ్చింది.) 1922లో సమాజం సభల కోసం సిడ్నీ వెళ్లిన అన్నదమ్ములు అక్కడి నుంచి స్విట్జర్లాండ్ పోవాలి. దారిలో కాలిఫోర్నియాలో ఆగితే అక్కడి పొడి గాలి తమ్ముడికి పడుతుందని ఎవరో చెప్పారు. ఆ మాట మీద పసిఫిక్ దాటే ఓడ ఎక్కారు. 1922 జులై 3న శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగారు.

ఆ క్యాంపస్‌లో ఏం చూశాడు?

బే అవతలే బర్క్‌లీ. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం 1868లో పెట్టిన యూనివర్సిటీ అది. రెండేళ్లకే ఆడపిల్లల్నీ చేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆ రాష్ట్రం పిల్లలకు ట్యూషన్ ఫీజు ఉండేది కాదు. రైతు కొడుకూ, బ్యాంకరు కూతురూ ఒకే బెంచీ మీద కూర్చోగలిగే చోటు. కృష్ణమూర్తికి అప్పటిదాకా తెలిసిన విద్యాలయాలు రెండు రకాలు. ఒకటి, బెత్తం పట్టుకున్న మైలాపూరు బడి. రెండోది, నీలాంటివాణ్ని తీసుకోం అన్న ఆక్స్‌ఫర్డ్. ఇది మూడో రకం.

ఇక్కడ ఆడామగా పిల్లలు బెరుకు లేకుండా కలిసి తిరుగుతున్నారు. పేద, ధనిక అన్న తేడా పైకి కనిపించడం లేదు. ఒంటి రంగు చూసి ఎవరూ మొహం తిప్పుకోలేదు. అతను పొంగిపోయాడు. ఇంగ్లండ్‌లోని తన ఆప్తురాలు లేడీ ఎమిలీ లట్యెన్స్‌కు ఉత్తరం రాస్తూ, ఈ చోటును ఇలాగే ఎత్తుకెళ్లి ఇండియాలో పెట్టాలనుందన్నాడు. చదువుకు తగ్గ వాతావరణం కల్పించడం మనవాళ్లకు తెలుసనీ, ఈ సమానత్వం ఒక్కటీ తోడైతే చాలనీ అతని ఉద్దేశం.

అందరూ మెచ్చుకునే గొప్ప లాబరేటరీలో, లైబ్రరీయో అతని మనసుకు తగల్లేదు. పిల్లలు భయం లేకుండా నడుస్తున్న తీరు తగిలింది. చదువు పేరు చెబితే దెబ్బలూ అవమానాలూ తప్ప ఏమీ గుర్తురాని మనిషికి అదే కదా కనిపించేది.

అయితే అతిథి కళ్లకు కనిపించేది వేరు, అక్కడ బతకడానికి వెళ్లినవాళ్లకు ఎదురయ్యేది వేరు. అతను అంతగా మురిసిపోయిన ఆ సమయానికే కాలిఫోర్నియాలో ఆసియా నుంచి వచ్చినవాళ్లు భూమి కొనకూడదని చట్టం ఉంది. అదే బర్క్‌లీలో చదువుకుని, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కోసం కోర్టుకెళితే, భారతీయులు ఆ హక్కుకు తగరని 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. అంతకు పదేళ్ల ముందే మన కనిగిరి నుంచి దరిశి చెంచయ్య కూడా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వెళ్లి, గదర్ పార్టీలో చేరి, చదువు బదులు ఏళ్ల తరబడి జైళ్లు చూశాడు. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ దొరికితే వదలకండి. కృష్ణమూర్తి వెళ్లింది సంస్థ అతిథిగా. చుట్టూ ఆదరించే మనుషులు, బస ఏర్పాట్లు అన్నీ సిద్ధం. అతను చూసింది అబద్ధం కాదు. సగమే చూశాడు. ఆ సగం అతనికి చాలింది.

బర్క్‌లీ నుంచి దక్షిణానికి, లాస్ ఏంజిలిస్‌కు ఇవతలే ఉన్న ఓజాయ్ లోయకు వెళ్లారు. నారింజ తోటలు, చుట్టూ కొండలు, పొడి గాలి. పైన్ కాటేజీ అనే చిన్న చెక్క ఇంట్లో దిగారు. కృష్ణమూర్తి జీవితాన్ని మలుపు తిప్పిన ఆధ్యాత్మిక అనుభవం ఆ ఆగస్టులో అక్కడే జరిగిందంటారు. అది ఈ వ్యాసానికి మించిన విషయం. మరుసటి ఏడు ఆ ఇంటినీ, చుట్టూ స్థలాన్నీ వాళ్ల కోసం కొన్నారు.

తెట్టు లోయ

యూనివర్సిటీ మాట అతను మరిచిపోలేదు. 1925 మొదట్లో ఇండియాలో ఉన్నప్పుడు మదనపల్లె వచ్చాడు. పుట్టిన ఊరు చూసిపోదామని కాదు, యూనివర్సిటీకి స్థలం వెతకడానికి. బర్క్‌లీ తరహాలో ఒకటి ఇక్కడ కట్టాలని. అప్పటికి మదనపల్లె చదువుల్లో మరీ వెనకబడ్డ ఊరేం కాదు. దివ్యజ్ఞాన సమాజంవాళ్లు 1915లో కాలేజీ పెట్టారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో వచ్చి ఆ కాలేజీలో ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చాడు. కానీ కృష్ణమూర్తికి కావాల్సింది ఊరి మధ్య కాలేజీ కాదు. విశాలంగా, ఊరికి దూరంగా, కొండల నడుమ ఉండాలి.

ఊరికి పది మైళ్ల దూరంలో తెట్టు లోయ నచ్చింది. సముద్రమట్టానికి 2,500 అడుగుల ఎత్తు. చుట్టూ గుండ్రాళ్ల కొండలు, ఎండిన నేల, ఒక పెద్ద మర్రిచెట్టు. ఓజాయ్ చూసినవాళ్లు రెండు లోయలకూ పోలిక ఉందంటారు. పడమటి వైపు కొండ పేరు రిషికొండ. ఆ కొండ పేరు మీదనే తర్వాత రిషి వ్యాలీ అయ్యింది. మన ప్రాంతంలో భూమి సేకరించడమంటే ఏమిటో తెలిసిందే. చిన్న చిన్న కమతాలు, ఒక్కో కమతానికి వాటాదారులు, వాళ్లలో వాళ్లకు తగువులు. అయినా క్రమంగా సుమారు 300 ఎకరాలు సమకూడింది. 1928లో ట్రస్టు ఏర్పడింది.

ఈ మధ్యలో జరగకూడనిది జరిగింది. 1925లో నిత్యకు జబ్బు బాగా ముదిరింది. ఓజాయ్‌లోనే ఉంచారు. అడయారులో సమాజం స్వర్ణోత్సవాలు. అధ్యక్షుడు రాక తప్పదు. తమ్ముడికి ఏమీ కాదన్న పెద్దల మాట నమ్మి కృష్ణమూర్తి ఓడెక్కాడు. ఓడ సూయజ్ చేరే వేళకు తంతి వచ్చింది. నవంబరు 13న నిత్య పోయాడు. ఇరవై ఏడేళ్లు.

ఓడలో అదే క్యాబిన్‌లో ఉన్న శివరావు ఆ తర్వాతి రోజుల సంగతి చెప్పాడు. పగలు మౌనంగా కూర్చునేవాడట. రాత్రి నిద్రలో వెక్కివెక్కి ఏడుస్తూ తమ్ముణ్ని పిలిచేవాడట. ఆ పిలుపులు కొన్నిసార్లు తెలుగులో ఉండేవట. మెలకువలో ఒక్క ముక్క రాని తెలుగులో.

రక్షిస్తారని నమ్మినవాళ్లు తమ్ముణ్ని రక్షించలేదు. అతనిలో ఏదో విరిగింది. నాలుగేళ్లకు, 1929 ఆగస్టు 3న, నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో వేలమంది సభ్యుల ముందు, తన కోసం పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. గురువు అక్కర్లేదు, సంస్థ అక్కర్లేదు, నన్ను అనుసరించొద్దు అన్నాడు. సంఘానికి విరాళంగా వచ్చిన కోటనూ, సుమారు 5,000 ఎకరాలనూ ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేశాడు. కెరీర్ అన్న మాటకు ఏ అర్థం చెప్పుకున్నా, ముప్పై నాలుగేళ్ల వయసులో అంత పెద్ద పదవిని అలా వదిలేసినవాళ్లు అరుదు.

యూనివర్సిటీ రాలేదు

అన్నీ వదులుకున్నా బడులు మాత్రం వదల్లేదు. తెట్టు లోయలో యూనివర్సిటీ రాలేదు. అందుకు కావాల్సిన డబ్బూ, మనుషులూ, గుర్తింపూ ఎక్కడి నుంచి వస్తాయి? సంఘం రద్దయ్యాక ఆ ఊసే లేకపోయింది. దాని బదులు 1931లో మద్రాసు గిండీలో నడుస్తున్న ఒక జాతీయ పాఠశాలను ఇక్కడికి తరలించారు. జి.వి. సుబ్బారావు ప్రధానోపాధ్యాయుడు. ఎండిన లోయలో మొక్కలు నాటడం, నీళ్లు నిలబెట్టడం, పిల్లల్ని పట్టుకురావడం అన్నీ మొదటి నుంచీ మొదలు.

బర్క్‌లీలో చూసినదాన్ని ఇక్కడ ఎలా పెట్టాలనేది ఆయనకు యాభై ఏళ్ల పని అయ్యింది. ఏటా చలికాలంలో ఇండియా వచ్చినప్పుడు రిషి వ్యాలీలో కొన్ని రోజులుండి పిల్లలతో, టీచర్లతో మాట్లాడేవారు. మాటలన్నీ దాదాపు ఒకే చోటికి వచ్చేవి. ఒక పిల్లవాణ్ని ఇంకో పిల్లవాడితో పోలిస్తే ఏమవుతుంది? భయంతో నేర్చుకున్నది నేర్చుకోవడమేనా? నిత్యతో పోల్చి పోల్చి మందమతి ముద్ర వేయించుకున్న కృష్ణ ఆ ప్రశ్నల వెనక ఉన్నాడని నాకనిపిస్తుంది. ఆయన మాత్రం తన చిన్నతనం పెద్దగా గుర్తులేదనేవారు.

బడి నడిపేవాళ్లకు ఇది తేలిక కాదు. తల్లిదండ్రులకు ఫలితాలు కావాలి. పిల్లలకు బయటి కాలేజీల్లో సీట్లు కావాలి. చివరికి బోర్డు పరీక్షలు రాయించక తప్పలేదు, ఇప్పటికీ రాయిస్తారు. ర్యాంకులు, బహుమతులు, తరగతిలో మొదటివాడు, చివరివాడు అనే లెక్క మాత్రం పెట్టలేదు. ఈ రాజీ గురించి ఆయన్ను అడిగినవాళ్లున్నారు, తప్పుబట్టినవాళ్లూ ఉన్నారు.

ఇంకో విమర్శ మన ఊళ్లలోనే వినిపిస్తుంటుంది. రిషి వ్యాలీ మన దగ్గరుంది గానీ మన పిల్లలు అందులో ఎంతమంది? నిజమే. రెసిడెన్షియల్ స్కూలు. అక్కడి ఫీజు తెట్టు, కురబలకోట రైతు కట్టగలిగేది కాదు. పేద, ధనిక తేడా కనిపించని చోటని బర్క్‌లీని చూసి మురిసిన మనిషి పెట్టిన బడికి ఈ వెలితి చిన్నది కాదు.

ఆ వెలితిని కొంత పూడ్చింది 1980ల తర్వాత మొదలైన గ్రామీణ విద్యా కేంద్రం. చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గది, ఒకే టీచరు, నాలుగైదు తరగతుల పిల్లలు ఉండే చిన్న బడులు పెట్టారు. పుస్తకాల బదులు కార్డులు. ఎవరి వేగంతో వాళ్లు ఒక్కో మెట్టూ ఎక్కడం. వెనకబడ్డవాడు అనే మాటకే చోటు లేకుండా పాఠాన్ని తయారుచేయడం. ఆ కార్డుల పెట్టెకు స్కూల్ ఇన్ ఎ బాక్స్ అని పేరొచ్చింది. మైసూరు జిల్లా హెచ్‌.డి. కోటె టీచర్లు వచ్చి చూసి వెళ్లాక 1995లో కర్ణాటకలో నలి-కలి మొదలై, తర్వాత ఆ రాష్ట్రం ప్రభుత్వ బడులన్నింటికీ పాకింది. చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కార్డుల చదువుకూ మూలం ఇక్కడిదే. రిషి వ్యాలీ ఎలా ఉంటుందో కూడా తెలియని లక్షల పిల్లలు ఆ పద్ధతిలో అక్షరాలు దిద్దారు.

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళితే ఇదే కథకు ఇంకో కొమ్మ కనిపిస్తుంది. రిషి వ్యాలీలో చదివి, విదేశాల్లో బ్యాంకు ఉద్యోగం చేసి వదిలేసి వచ్చిన రామ్‌జీ రాఘవన్ 1999లో అగస్త్య ఫౌండేషన్ పెట్టారు. కుప్పం దగ్గర కొండ నేలలో దానికి 172 ఎకరాల ప్రాంగణం ఉంది. ప్రభుత్వ బడుల పిల్లలు బస్సుల్లో వచ్చి చేత్తో సైన్సు ప్రయోగాలు చేసి పోతుంటారు. రాలేని పల్లెలకు ప్రయోగశాల వ్యానులే వెళతాయి. పుంగనూరు, కుప్పం వైపు సర్కారు బడిలో చదివినవాళ్లలో ఆ వ్యాను చూసినవాళ్లు మీలోనే ఉండొచ్చు. ఈ ప్రాంతానికి యూనివర్సిటీ అనేది కూడా చివరికి కుప్పంలోనే వచ్చింది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం. కృష్ణమూర్తి స్థలం వెతికిన 72 ఏళ్లకు.

మళ్లీ బర్క్‌లీ

1969 ఫిబ్రవరిలో ఆయన మళ్లీ బర్క్‌లీ వెళ్లారు. ఈసారి మాట్లాడటానికి. డెబ్భై మూడేళ్లు. 1922లో చూసిన ప్రశాంతత అక్కడ లేదు. వియత్నాం యుద్ధం మీద కోపం ఒకవైపు. నల్లజాతివాళ్లు, ఆసియన్లు, మెక్సికన్ మూలాలవాళ్లు తమ చరిత్ర కూడా పాఠాల్లో ఉండాలంటూ జనవరిలో మొదలుపెట్టిన సమ్మె ఇంకోవైపు. పోలీసులు, లాఠీలు. సరిగ్గా ఆ వారంలోనే గవర్నర్ రొనాల్డ్ రీగన్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. యువ అతిథిగా ఆయన చూడలేకపోయిన రెండో సగం, డెబ్భై దాటాక ఆయన కళ్లెదుటే బద్దలైంది.

అక్కడ ఆయన ఉపన్యాసాలు హింస గురించీ, భయం గురించీ, స్వేచ్ఛ గురించీ సాగాయి. సమ్మెలో ఎవరి పక్షాన ఉన్నారో ఆయన చెప్పలేదు. బయట జరుగుతున్న హింసకు వేళ్లు మన లోపలే ఉన్నాయన్నారు. కొట్లాడుతున్న కుర్రాళ్లకు అది చాలని జవాబుగా తోచి ఉంటే ఆశ్చర్యం లేదు. ఆ సమ్మె ఫలించింది. అదే ఏడాది బర్క్‌లీలో ఆయా జాతుల చరిత్ర, సంస్కృతి చెప్పే ప్రత్యేక విభాగం మొదలైంది. అది ఉపన్యాసాల వల్ల రాలేదు, సమ్మె వల్ల వచ్చింది. ఆ ఏడు బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్, శాంటాక్రజ్‌లలోనూ, అంతకుముందు బ్రాండైస్‌లోనూ ఆయన ఇచ్చిన ప్రసంగాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. మెట్రిక్ దాటనివాడి మాటలు యూనివర్సిటీల పేర్లతో అచ్చయ్యాయి.

1984 మార్చిలో లాస్ అలమోస్ పిలిచింది. మొదటి అణుబాంబు తయారైన జాతీయ ప్రయోగశాల అది. అప్పట్లో దాని నిర్వహణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానిదే. సైన్సులో సృజన ఉందా అన్నది వాళ్లిచ్చిన అంశం. లెక్కల్లో మూడుసార్లు తప్పిన మనిషి, లెక్కలే బతుకైన వందలమంది శాస్త్రవేత్తల ఎదుట నిలబడి, జ్ఞానం ఎంత పోగుచేసినా అది పాతదే, అసలైన సృజన దాని బయట ఉంటుందన్నారు. వాళ్లందరూ ఒప్పుకున్నారని కాదు, శ్రద్ధగా విన్నారు, ప్రశ్నలు వేశారు.

1985 చివర్లో రిషి వ్యాలీకి ఆఖరిసారి వచ్చారు. బాగా బక్కచిక్కారు. పాంక్రియాస్ క్యాన్సర్ అని తర్వాత తేలింది. 1986 జనవరి 4న మద్రాసులో చివరి ప్రసంగం. ఆ తర్వాత తనను ఓజాయ్ తీసుకెళ్లమన్నారు. ఫిబ్రవరి 17న పైన్ కాటేజీలో పోయారు. తొంభై ఏళ్లు. బర్క్‌లీ చూసిన ఉత్సాహంతో, తోడుగా నిత్యతో, 1922 జులైలో వచ్చి దిగిన ఇల్లే అది.